ఆట ఎప్పుడు ఆపాలె? సి.కె. నాయుడు నుంచి మిథాలీ దాకా మన ఆటగాళ్ల రిటైర్మెంట్ ముచ్చట

ఈ ఎపిసోడ్‌లో గెలుపుల గురించి కాదు, ఆఖరి మ్యాచ్‌ల గురించి మాట్లాడుకుందాం. ఆటగాడు ఆట ఎట్ల మొదలుపెట్టిండో అందరూ చెప్తరు. ఎట్ల ఆపిండో చెప్పేటోళ్లు తక్కువ. కానీ ఆపిన తీరు చూస్తేనే ఆ కాలంలో ఆటగాడికి అన్నం ఎవరు పెట్టిండ్రో తెలుస్తది. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి, మిగతా కథంతా దీని చుట్టే తిరుగుతది.

మొదట సి.కె. నాయుడు. కొఠారి కనకయ్య నాయుడు. కుటుంబం మూలాలు మచిలీపట్నంలో, పుట్టింది 1895లో నాగపూర్‌లో. 1926లో బొంబాయిలో ఇంగ్లాండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 కొట్టిండు, అందులో 11 సిక్సర్లు. 1932లో లార్డ్స్‌లో ఇండియా ఆడిన మొట్టమొదటి టెస్టుకు ఆయనే కెప్టెన్. అంటే మన దేశపు మొదటి టెస్ట్ కెప్టెన్ తెలుగు ఇంటి బిడ్డ.

మరి ఆయన రిటైర్ ఎప్పుడయిండు? 1956-57 సీజన్‌లో, అరవై దాటినంక కూడా, రంజీ ఆడిండు. 1963-64లో ఇంకో ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడిండు. అప్పుడు వయసు 68. మొదటి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ 1916లో ఆడిండు అంటే, అటూ ఇటూగా 47 ఏండ్ల కెరీర్!

ఇది ఎట్ల సాధ్యమయింది? ఆయన ఇండోర్ హోల్కర్ సంస్థానం సైన్యంలో ఆఫీసర్. రాజు కొలువు ఇచ్చిండు, ఆట కూడా ఆడించిండు. జీతం బ్యాట్ మీద ఆధారపడి లేదు. రిటైర్మెంట్ అని తేదీ పెట్టుకునే అవసరమే రాలేదు.

రాజులు పోయినంక ఆ పని డిపార్ట్‌మెంట్లు అందుకున్నయి. ఇక్కడ మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ మొదలయితది. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్‌కు పోయింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ గెలిచింది. ఆ పోలీస్ ఆటగాళ్లకు ఒంటి మీద యూనిఫాం ఉంది. బూట్లు విప్పినంక కూడా నెల జీతం వస్తది. ఆట ఆపుడు బాధే గానీ, భయం కాదు.

కానీ ఒంటికి ఏ డిపార్ట్‌మెంటూ గ్యారంటీ ఇయ్యలేదు. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పిల్లగాడు. తమిళ కుటుంబం, మన మట్టిలో ఆట నేర్చిండు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టిండు. 1962 జకార్తా గోల్డ్ టీంలో కూడా ఉన్నడు. ఆ మరుసటి ఏడే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. 27 ఏండ్లకే ఆట అయిపోయింది. ఇప్పుడు చాలామంది ఆటగాళ్లకు 27 అంటే అసలు ఆట మొదలయ్యే వయసు. ఆయన ఆ తర్వాత బెంగాల్‌లోనే ఉండిపోయిండు, 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూసిండు. మన జిల్లాల్ల ఎంతమంది పిల్లలకు ఆ పేరు తెలుసు? మీ క్లాస్‌లో ఒకసారి అడిగి చూడండి.

ఇట్లాంటి కథే అమెరికా బేస్‌బాల్‌లో ఇంకొకటి ఉంది. లూ గెహ్రిగ్ ఒక్కటి కూడా ఇడవకుండా వరుసగా 2,130 మ్యాచ్‌లు ఆడిండు. 1939లో నరాల జబ్బు బయటపడ్డది. ఆ జులై 4న యాంకీ స్టేడియంలో జనం నిండుగ వచ్చి సాగనంపిండ్రు. రెండేండ్లకు, 37 ఏండ్ల వయసులో చనిపోయిండు. జబ్బు ఇద్దరినీ ఆపింది. తేడా ఒక్కటే. ఆయనకు స్టేడియం నిండా వీడ్కోలు దొరికింది, బలరాం చప్పుడు లేకుండా తప్పుకున్నడు.

ఇగ మన క్రికెట్‌కు వద్దాం. మహ్మద్ అజారుద్దీన్. 1984-85లో ఇంగ్లాండ్ మీద ఆడిన మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. 99వ టెస్ట్ 2000 మార్చిలో బెంగళూరులో సౌతాఫ్రికాతో. అందులో కూడా 102 కొట్టిండు. సెంచరీతో వచ్చి సెంచరీతోనే పోయిండు. కానీ అది ఆఖరి మ్యాచ్ అని ఆ రోజు ఎవరికీ తెల్వదు. అదే ఏడు డిసెంబర్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద బోర్డు జీవితకాల నిషేధం పెట్టింది. 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని చెప్పింది. అప్పటికి ఆయన వయసు 49. కోర్టు తీర్పు పేరును తిరిగి ఇయ్యగలదు, నూరో టెస్టును ఇయ్యలేదు.

అదే 2012లో ఇదే హైదరాబాద్‌లో ఇంకో ముగింపు చూసినం. వి.వి.ఎస్. లక్ష్మణ్. 134 టెస్టులు, 8,781 పరుగులు, 17 సెంచరీలు. 2001 ఈడెన్ గార్డెన్స్ 281 గురించి నేను చెప్పనవసరం లేదు. ఆస్ట్రేలియా టూర్‌లో టీం 4-0తో ఓడింది, ఆయన బ్యాట్ కూడా పలకలేదు. అయినా న్యూజిలాండ్ సిరీస్‌కు సెలెక్ట్ అయిండు. మొదటి టెస్ట్ ఆగస్టు 23న, సొంతూర్లో, ఉప్పల్‌లో. ఆడి, చప్పట్లు కొట్టించుకొని పోవచ్చు. ఎవ్వరూ తప్పు పట్టేటోళ్లు కాదు. ఆయన ఆగస్టు 18న ప్రెస్ మీట్ పెట్టి, ఇప్పటినుంచే రిటైర్ అవుతున్న అని చెప్పిండు. కొత్త పిల్లలకు జాగా ఇయ్యాలన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. తలుపు దగ్గరికి వచ్చిన పెండ్లి ఊరేగింపును కాదనుకున్నట్టే లెక్క.

అంబటి రాయుడు కథ దీనికి పూర్తి ఉల్టా. గుంటూరులో పుట్టిన పిల్లగాడు, వన్డేల్లో సగటు 47. 2019 ప్రపంచ కప్‌కు పేరు రాలేదు. త్రీడీ అద్దాల ట్వీట్ మీకు గుర్తుండే ఉంటది. జులైలో రిటైర్మెంట్ ప్రకటించిండు, ఆగస్టులో వాపస్ తీసుకున్నడు. 2022లో ఇంకోసారి ట్వీట్ పెట్టి డిలీట్ చేసిండు. జనం నవ్విండ్రు, మీమ్స్ చేసిండ్రు. కానీ ఆలోచించండి, ఇరవై ఏండ్లు ఒక్కటే పని చేసినోడు ఒక్క పూటలో ఆ పని కాదనుకోగలడా? చివరికి 2023 ఫైనల్‌లో 8 బంతుల్లో 19 కొట్టి, ఆరో ఐపీఎల్ కప్ ఎత్తి పోయిండు. లక్ష్మణ్ దగ్గర ఉన్నది నిబ్బరం. రాయుడు దగ్గర ఉన్నది కోపం, ఆట మీద ఆశ. రెండూ మనుషుల గుణాలే.

మిథాలీ రాజ్ లెక్క వేరే. 1999లో మొదటి వన్డేలోనే నాటౌట్ సెంచరీ. 232 వన్డేలు, 7,805 పరుగులు. ఇరవై మూడేండ్ల కెరీర్‌లో ఆమెకు దొరికిన టెస్టులు మాత్రం పన్నెండు. మహిళల క్రికెట్ బోర్డు కిందికి వచ్చింది 2006లో. అంతకుముందు ఆమెను నిలబెట్టింది రైల్వే ఉద్యోగం. 2022 జూన్ 8న సోషల్ మీడియాలో ఒక పోస్టుతో సెలవు తీసుకుంది. తొమ్మిది నెలలకు, 2023 మార్చిలో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలయింది. తోట పెట్టి, నీళ్లు పోసి, కాయలు కోసే పూట వరకు ఆమె బ్యాట్ పక్కన పెట్టేసింది.

పైసల సంగతి కూడా చెప్పుకోవాలె. 2022 జూన్‌లోనే బోర్డు పాత ఆటగాళ్ల పెన్షన్లు పెంచింది. నెలకు 15,000 వచ్చే ఫస్ట్ క్లాస్ ఆటగాళ్లకు 30,000 అయింది. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లకు పెన్షన్ పథకం 1947లోనే మొదలయింది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడే మన పిల్లలకు ఈ రెండూ లేవు. వాళ్లకు ఇప్పటికీ పాత దారే, డిపార్ట్‌మెంట్ నౌకరి. 2024లో నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌కు, సిరాజ్‌కు మన సర్కారు డీఎస్పీ పోస్టులు ఇచ్చింది. రహీం కాలం నాటి పోలీస్ యూనిఫాం డెబ్బై ఏండ్లకు మళ్లీ కనపడ్డది. కాకపోతే అది ప్రపంచ ఛాంపియన్లకు.

ఇప్పుడు మన బుగ్గారం దిక్కు చూద్దాం. వరి కోతలయినంక పొలాల్ల పిచ్ గీసి ఆడే పిల్లలు మన దగ్గర ఊరూరా ఉన్నరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఆటగాడి రిటైర్మెంట్ తేదీని సెలెక్టర్లు పెట్టరు, దుబాయ్ వీసా పెడుతది. లేకుంటే ఇంటి అప్పు, లేకుంటే మరమగ్గం డ్యూటీ. ఇరవై రెండేండ్లకు బ్యాట్ మూలకు పోతది. ప్రెస్ మీట్ ఉండదు, ట్వీట్ ఉండదు. ఒక ఆదివారం ఆ పిల్లగాడు గ్రౌండ్‌కు రాడు, అంతే. ఆడపిల్లలకు అయితే అది టెన్త్ తర్వాతనే.

అందుకే ఈ చరిత్ర నుంచి నేను తీసుకునేది ఇది. పెద్ద ఆటగాళ్లకైనా చిన్న ఆటగాళ్లకైనా ఆట ఆగుడు తప్పదు. కానీ ఆట పక్కన రెండో ఆసరా ఉన్నోళ్లే ఆగే రోజును తాము ఎంచుకోగలిగిండ్రు. మండల స్థాయి సర్టిఫికెట్ అయినా జాగ్రత్తగ దాచుకోండి, స్పోర్ట్స్ కోటాల అదే అడుగుతరు. డిగ్రీ ఇడవకండి. అంపైర్ పరీక్షలు, పటియాలా ఎన్.ఐ.ఎస్. కోచింగ్ డిప్లొమా లాంటి దారులు తెలుసుకోండి. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లాండ్ గెలిచిండు, కానీ ఈ తరం ఆయనను గుర్తుపట్టేది కోచ్‌గానే. సొంత ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిండు, అక్కడి నుంచే సైనా, సింధు వచ్చిండ్రు.

మీ ఊర్లె ఒకప్పుడు బాగా ఆడి, చప్పుడు చేయకుండా ఆపేసిన అన్న, అక్క ఎవరన్నా ఉంటే ఈ వారం పోయి కలవండి. ఆఖరి మ్యాచ్ ఎప్పుడు ఆడినవ్ అని అడగండి. చాలామందికి ఆ ప్రశ్న ఇప్పటిదాకా ఎవరూ వేసి ఉండరు. ఉంటా దోస్తులు, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.