డిగ్రీ షరతు చాటున వయసు

బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం, 19వ సెక్షన్‌లో పరోక్ష వివక్షను నిర్వచించింది. ఉద్యోగ అర్హతల్లోకి వయసు ఏ దారిన దూరుతుందో అందులోని మాటల్ని ఒక్కొక్కటిగా విప్పితే తెలుస్తుంది.

‘షరతు, ప్రమాణం, ఆచరణ’: కాగితం మీద ఉండనక్కర్లేదు. ప్రకటనలో పదేళ్ల అనుభవం అడిగినా, కాలేజీల నుంచి అప్పుడే బయటికొచ్చిన వాళ్లనే పిలిచే అలవాటున్నా ఇందులోకే వస్తాయి. మొదటిదానికి కుర్రవాళ్లు, రెండోదానికి పెద్దవాళ్లు ఆగిపోతారు.

‘అందరికీ వర్తించేది’: యాభై దాటినవాళ్లు వద్దంటే అది ప్రత్యక్ష వివక్ష. ఇక్కడ షరతు అందరికీ ఒక్కటే.

‘ప్రత్యేక నష్టం’: అసలు చిక్కంతా ఇక్కడే. ఒక్కరు నష్టపోతే చాలదు, ఆ వయసువాళ్లకు ఆ నష్టం ఉండాలి. ఈ చట్టానికి ముందే మొదలైన హోమర్ కేసు చూడండి. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరైన ఆయన 1995లో, 51వ ఏట, వెస్ట్ యార్క్‌షైర్ పోలీసుల దగ్గర న్యాయ సలహాదారుగా చేరారు. తగిన అనుభవం ఉంటే లా డిగ్రీ లేకపోయినా అప్పట్లో సరిపోయేది. 2005లో గ్రేడ్లు మార్చి, అన్నిటికన్నా పై గ్రేడ్‌కు డిగ్రీ తప్పనిసరి చేశారు. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే నాలుగేళ్లు. పట్టా చేతికొచ్చేలోపే ఆయనకు 65 నిండుతాయి, రిటైరైపోతారు. నష్టం వయసు వల్ల కాదని, త్వరలో ఉద్యోగం వదలడం వల్లేనని, ఏ కారణంతో వదిలేవారికైనా అంతేనని అప్పీల్ కోర్టు అంది. 2012లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. అదే న్యాయం. ఇల్లు మారాలనో, పిల్లల కోసమో మానేసేవారు కావాలంటే ఆగవచ్చు. 65 నిండకుండా ఎవరు ఆపగలరు?

‘సముచిత లక్ష్యం, దానికి తగిన మార్గం’: యజమానికి చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది. సమర్థుల్ని చేర్చుకోవడం, ఉన్నవాళ్లను నిలుపుకోవడం మంచి లక్ష్యాలే. కానీ కొత్తవాళ్లను ఎంపిక చేయడానికి పనికొచ్చే షరతును, పదేళ్లుగా అదే పని చేస్తున్న మనిషికీ పెట్టాలా? పెట్టకపోతే ఆ లక్ష్యానికి వచ్చే లోటేమిటి? సుప్రీంకోర్టు న్యాయమూర్తి లేడీ హేల్ తీర్పు, కొత్తవాళ్ల ఎంపికనూ ఉన్నవాళ్ల సంగతినీ విడదీసి చూడాలంటూ కేసును తిరిగి ఉద్యోగ ట్రిబ్యునల్‌కు పంపింది. ప్రకటన రాసేవాళ్లు కూడా ముందే ఈ లెక్క వేసుకోవాలి. ‘లా డిగ్రీ’ పక్కన ‘లేదా అంతటి అనుభవం’ అని చేరిస్తే పని చెడుతుందా? చెడుతుందంటే, ఆ సంగతి రుజువు చేయాల్సింది యజమానే.