పండుగ పూట కాపలా – జీతం రాని కొలువు



మన సంఘ సభ్యులలో పిల్లలు అమెరికాలో స్థిరపడినవారు చాలామందే ఉన్నారు. ఏటా డిసెంబరు వచ్చేసరికి కొందరు అక్కడికి ప్రయాణమవుతారు. మరికొందరి ఇళ్ళకు పిల్లలు సంక్రాంతికి వస్తారు. నలుగురం కలిస్తే వీసా గురించి, టిక్కెట్టు ధర గురించి, పెట్టెల బరువు గురించి మాట్లాడుకుంటాం. విమానాశ్రయంలో మన బెల్టు తీయించి, సంచీ ట్రేలో పెట్టించి, ఒళ్ళు తడిమి లోపలికి పంపే మనిషి గురించి మాత్రం మాట్లాడుకోం. మాట్లాడినా విసుగ్గానే మాట్లాడతాం. ఆ ఉద్యోగం ఎప్పుడు పుట్టింది, ఎందుకు పుట్టింది, అందులో ఉన్నవారికి పండుగలు ఎలా గడుస్తాయి అన్న విషయాలు ప్రభుత్వ కొలువు చేసి విశ్రాంతి పొందిన మనం తెలుసుకోదగినవి.

సోదా ఎలా మొదలైంది

ఒకప్పుడు విమానం ఎక్కడమంటే బస్సు ఎక్కినట్టే. అమెరికాలో బంధువులు విమానం దాకా వచ్చి సాగనంపేవారు. 1968 నుంచి 1972 వరకు ఆ దేశంలో విమానాల దారి మళ్ళింపు ప్రయత్నాలు వందకు పైగా జరిగాయి. దానితో 1973 జనవరి 5 నుంచి ప్రతి ప్రయాణికుడినీ, అతని చేతిసంచీనీ తనిఖీ చేసి తీరాలన్న ఉత్తర్వు అమలులోకి వచ్చింది. అయితే ఆ పని ప్రభుత్వం చేయలేదు. విమాన కంపెనీలు ప్రైవేటు కాంట్రాక్టర్లకు అప్పగించాయి. జీతం తక్కువ, ఎదుగూబొదుగూ లేని ఉద్యోగం. 1998–99లో 19 పెద్ద విమానాశ్రయాలలో లెక్క తీస్తే ఏడాదిలో ఉద్యోగం వదిలి వెళ్ళినవారు సగటున 126 శాతం అని తేలింది. అంటే ఏడాది తిరిగేలోగా ఉన్నవారంతా పోయి, వారి స్థానంలో వచ్చినవారిలోనూ కొందరు పోయారన్నమాట.

2001 సెప్టెంబరు 11 ఘటన తరువాత ఈ ఏర్పాటు మారింది. అదే ఏడాది నవంబరు 19న కొత్త చట్టం వచ్చి, రవాణా భద్రతా సంస్థ ఏర్పడింది. దానినే టి.ఎస్.ఎ. అంటారు. తనిఖీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. అయినా మిగతా ఫెడరల్ ఉద్యోగుల వేతన స్కేళ్ళు వారికి వర్తించలేదు. వారితో సమానంగా జీతం రావడానికి 2023 జూలై దాకా ఆగవలసి వచ్చింది. స్కేళ్ళ కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పండుగ రోజులే గండం

ఈ చరిత్రలోని తేదీలను వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టవచ్చినట్టు కనబడుతుంది. 1988 డిసెంబరు 21న స్కాట్లండులోని లాకర్బీ ఊరి మీద పాన్ యామ్ విమానం బాంబుతో పేలిపోయింది. విమానంలో 259 మంది, నేలమీద 11 మంది, మొత్తం 270 మంది మరణించారు. క్రిస్మస్‌కు ఇళ్ళకు చేరవలసిన విద్యార్థులు అందులో ఎందరో ఉన్నారు. 1999 డిసెంబరు 24న కాట్మండూ నుంచి ఢిల్లీ రావలసిన మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని దారి మళ్ళించి కాందహారు తీసుకుపోయారు. 2001 డిసెంబరు 22న పారిస్ నుంచి మయామీ వెళ్ళే విమానంలో ఒకడు బూటులో పేలుడు పదార్థం దాచుకొని ఎక్కాడు. ప్రయాణికులు, సిబ్బంది కలిసి వాడిని పట్టుకున్నారు. 2009లో సరిగ్గా క్రిస్మస్ రోజునే ఆంస్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్ళే విమానంలో మరొకడు లోదుస్తులలో బాంబుతో పట్టుబడ్డాడు.

అన్నీ డిసెంబరు ఆఖరి పదకొండు రోజులలోనే. విమానాలు కిక్కిరిసి ఉండేదీ అప్పుడే. 2024 డిసెంబరు 1న, థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్ళిన ఆదివారం నాడు, టి.ఎస్.ఎ. సిబ్బంది ఒక్కరోజులో 30 లక్షల మందికి పైగా ప్రయాణికులను తనిఖీ చేశారు. కనుక లోకమంతా సెలవు పెట్టే రోజున వీరికి సెలవు దొరకదు. ప్రమాదమూ లేకపోలేదు. 2013 నవంబరు 1న లాస్ ఏంజిలిస్ విమానాశ్రయంలో ఒక దుండగుడు కాల్పులు జరపగా గెరార్డో హెర్నాండెజ్ అనే అధికారి మరణించారు. విధి నిర్వహణలో ప్రాణం కోల్పోయిన మొదటి టి.ఎస్.ఎ. ఉద్యోగి ఆయనే.

ముప్ఫై అయిదు రోజులు

మన దేశంలో బడ్జెటు ఆమోదం ఆలస్యమయ్యేట్టుంటే ఓటాన్ అకౌంటుతో ఖర్చులకు అనుమతి తీసుకుంటారు. ఏప్రిల్ జీతాల బిల్లు ట్రెజరీలో ఆగిపోదు. అమెరికాలో పద్ధతి వేరు. పద్దు మంజూరు కాకపోతే పైసా ఖర్చు పెట్టకూడదనే చట్టం 19వ శతాబ్దం నుంచీ ఉంది. 1980, 1981లలో వారి అటార్నీ జనరల్ దానికి గట్టి భాష్యం చెప్పారు. అప్పటినుంచి మంజూరు ఆగితే కార్యాలయాలు మూసివేయడం మొదలైంది. ప్రాణరక్షణకు, ఆస్తిరక్షణకు సంబంధించిన ఉద్యోగులు మాత్రం పనిలోకి రావాలి. జీతం తరువాత.

2018 డిసెంబరు 22న, క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు, అటువంటి మూత మొదలైంది. 2019 జనవరి 25 వరకు 35 రోజులు సాగింది. సుమారు 8 లక్షల మంది ఫెడరల్ ఉద్యోగులకు జీతం ఆగింది. వారిలో సగానికి పైగా జీతం లేకుండానే పనిచేశారు. జనవరి 11న రావలసిన జీతం రాలేదు. ఇంటద్దెలు, పిల్లల సంరక్షణ ఖర్చులు, కారుకు పెట్రోలు ఆగవు కదా. జనవరి 20న దేశం మొత్తం మీద తనిఖీ సిబ్బందిలో పదిమందికి ఒకరు పనికి రాలేకపోయారు. అంతకు ముందు ఏడాది అదే రోజున ఆ లెక్క నూటికి ముగ్గురే. ఈ అంకెను కొందరు గైర్హాజరుగా చదివారు. నేను తిప్పి చదువుతాను. జీతం లేకపోయినా పదిమందిలో తొమ్మిదిమంది వచ్చారు.

అప్పుడు మేమిద్దరం అబ్బాయి దగ్గరే ఉన్నాము. తిరుగు ప్రయాణంలో తనిఖీ దగ్గర నడివయసు అధికారిణి ఒకామె మా ఆవిడ చేయి పట్టుకొని జాగ్రత్తగా దాటించింది. మా ఆవిడకు ఆగలేదు. “ఆ అమ్మాయికి జీతం వచ్చిందేమో అడగండి” అన్నది. అడిగాను. ఇంకా లేదని నవ్వుతూ చెప్పింది. మా ఆవిడ సంచీలోంచి అరిసెల పొట్లం తీసి ఇవ్వబోయింది. ఆమె రెండు చేతులూ అడ్డంగా ఊపి, డ్యూటీలో ఏమీ పుచ్చుకోకూడదని, మాట చాలునని చెప్పి, వెనకవారిని పిలిచింది. జీతం లేని రోజున కూడా రూలు తప్పని ఉద్యోగిని చూసి నాకు గౌరవం కలిగింది.

చేయి చాచినవారు

ఆ రోజుల్లో జనం ఊరుకోలేదు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో సిక్కు సోదరులు తమ గురుద్వారాలో ఫెడరల్ ఉద్యోగులకు లంగరు పెట్టి ఉచితంగా భోజనాలు వడ్డించారు. వాషింగ్టన్ నగరం నడిబొడ్డున హోసే ఆండ్రెస్ అనే ప్రసిద్ధ పాకశాస్త్ర నిపుణుడి సంస్థ వంటశాల తెరిచింది. గుర్తింపు కార్డు చూపిన ఉద్యోగికి వేడి భోజనం పెట్టారు. ఫ్లోరిడాలోని టాంపా విమానాశ్రయంవారు ఆహార ధర్మసంస్థలతో కలిసి సరుకులు పంచారు. జీతం లేకుండా పనిచేస్తున్న అమెరికా విమాన నియంత్రణ సిబ్బందికి కెనడాలో అదే పని చేసేవారు చందాలు వేసుకొని పిజ్జాలు పంపారు. ఎడ్మంటన్‌వారు ఆంకరేజివారికి పంపడంతో మొదలై, ఊరూరా పాకింది. సరిహద్దు దాటిన సాటి ఉద్యోగి సానుభూతి అంటే అది.

2019 జనవరి 16న ఒక చట్టం వచ్చింది. ఇకమీదట ఇటువంటి మూతలు వస్తే ఆగిన జీతం తరువాత తప్పక చెల్లించాలని అది చెప్పింది. బకాయి వస్తుందన్న భరోసా దొరికింది గాని, నెల గడవడం మాత్రం అలాగే ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు 43 రోజులు, అంతకు మునుపెన్నడూ లేనంత కాలం, మళ్ళీ మూత పడింది. సుమారు 50 వేల మంది తనిఖీ సిబ్బంది మళ్ళీ జీతం లేకుండా నిలబడ్డారు. అది ముగిసిన పదిహేను రోజులకే థాంక్స్‌గివింగ్ రద్దీ వచ్చిపడింది.

మనకిది పరాయి కథ కాదు. 2020 మార్చి నెల జీతాలు, పెన్షన్లలో కొంత భాగం మన రాష్ట్రాలలో వాయిదా పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ విషయంలో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో 6 శాతం వడ్డీతో చెల్లించమని తీర్పు చెప్పింది. జీతమూ పెన్షనూ ఉద్యోగికి హక్కుగా రావలసినవే. ఆ హక్కు ఆగిన రోజున పక్కవాడు పెట్టే పిడికెడు మెతుకులకు విలువ ఎక్కువ. అయితే ఆ మెతుకులు హక్కుకు బదులు కావు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పుకోవాలి.

మన దేశంలో

1971 జనవరిలో గంగ అనే విమానాన్ని లాహోరుకు మళ్ళించినది మొదలు మనకూ ఈ బెడద తప్పలేదు. 1978లో పౌర విమానయాన భద్రతా విభాగం ఏర్పడింది. 1985 జూన్‌లో కనిష్క విమానం పేల్చివేతలో 329 మంది మరణించిన తరువాత, 1987 ఏప్రిల్ 1 నుంచి అది ప్రత్యేక శాఖ అయింది. విమానాశ్రయాల కాపలా మాత్రం చాలాకాలం రాష్ట్ర పోలీసులదే. కాందహారు ఘటన తరువాత 1969లో ఏర్పడిన కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగించారు. 2000 ఫిబ్రవరి 3న జైపూరుతో ఆ పని మొదలైంది.

చేతిసంచీ చీటీ మీద వారు రబ్బరు స్టాంపు వేసేవారు. జీవితమంతా స్టాంపులతో గడిపిన మనకు ఆ చప్పుడు ఇంపుగానే ఉండేది. 2017లో హైదరాబాదుతో సహా ఏడు విమానాశ్రయాలలో ఆ పద్ధతి తీసివేశారు. 2019లో మరీ ఎక్కువగా నవ్వవద్దని, తగుమాత్రం నవ్వితే చాలునని సిబ్బందికి సూచించారు. చూపు పని మీద ఉండాలని దాని భావం. కాబట్టి జవాను ముఖం బిగించుకుంటే మనమీద కోపమని అనుకోనక్కరలేదు. శంషాబాదులో మనల్ని తనిఖీ చేసే పిల్లవాడు బీహారువాడో, కేరళవాడో. మన పిల్లలు సంక్రాంతికి ఇల్లు చేరుతుంటే వాడు తన ఇంటి పండుగకు దూరంగా అక్కడ నిలబడి ఉంటాడు.

మనం చేయదగినది

డబ్బు, బహుమతి ఇవ్వబోవద్దు. మంచి మనసుతో ఇచ్చినా అది మామూలు కిందకే వస్తుంది, ఉద్యోగికే ముప్పు. పాస్‌పోర్టు, బోర్డింగు కాగితం చేతిలో సిద్ధంగా ఉంచుకుందాం. ఆవకాయ, నెయ్యి పెద్ద పెట్టెలో సర్దుదాం. చేతిసంచీలో ఉంటే తీసి పడేయక ఆ ఉద్యోగికి గత్యంతరం లేదు. పేస్‌మేకరు, మోకాలిలో లోహం ఉన్నవారు ముందే చెబుదాం. అమెరికాలో 75 ఏళ్ళు దాటినవారు పలుచటి కోటు విప్పనక్కరలేదన్న వెసులుబాటు 2012 నుంచి వచ్చింది. బూట్లు విప్పే నిబంధనను 2025 జూలైలో అందరికీ ఎత్తివేశారు. అయినా మరోసారి చూస్తామంటే వాదన వద్దు. చివరగా ఒక ధన్యవాదం, పండుగైతే ఒక శుభాకాంక్ష.

వీలైతే ఇంకొక పని చేయండి. బాగా చూసుకున్న ఉద్యోగి గురించి వారి సంస్థకు నాలుగు ముక్కలు రాయండి. నా ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఫిర్యాదులు ఎన్నో ఫైలు చేశాను. మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అటువంటి ఉత్తరం వచ్చిన రోజున సెక్షనులో అందరి నడకా మారిపోయేది.

మన సంఘ సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ, పండుగ పూట డ్యూటీలో ఉన్న ప్రతి ఉద్యోగికీ నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలు.