పేకముక్కలలో కొత్త రాజ్యములు

పుదుచ్చేరి పట్టణమున పేకాట సాగు చోట ఒక గడియ నిలిచి వినినచో ఆటతోపాటు చరిత్ర కూడ చెవిని పడును. తమిళులును తెలుగువారును ఒకే విధముగా తురుపు అందురు. అది డచ్చివారి ‘ట్రూఫ్’. మన కళావరు వారి ‘క్లావర్’. మన ఆఠీను వారి ‘హార్టెన్’కు రూపాంతరము. డచ్చివారు పదునేడవ శతాబ్ది తొలి సంవత్సరములలోనే మచిలీపట్నమున వర్తకమునకు దిగిరి; 1693లో ఈ పుదుచ్చేరిని ఫ్రెంచివారినుండి గైకొని 1699 వరకు ఏలిరి. వారి కోటలు పోయినవి, గిడ్డంగులు పోయినవి. పేకముక్కల పేర్లు మాత్రము మన నాలుకలపై నిలిచినవి. ఆ పేర్లను నిలిపినది అధికారము కాదు, ఆట. ఆడువారు ఉన్నంతకాలము మాట ఉన్నది.

ఈ చిన్న సంగతి నాకు జ్ఞాపకము వచ్చుటకు కారణము నేటి యువకులాడు మరియొక రకపు పేక. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు అమెరికాలో ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అను ఆటను ప్రకటించెను. ఇందు అందరికి పంచు పేక ఒకటి కాదు. ఎవరికి వారు ముక్కలను కొని, మార్చుకొని, కూడబెట్టుకొని, వానినుండి కనీసము 60 ముక్కల పేకను తామే కూర్చుకొందురు. ఒక ముక్క మంత్రము, ఒక ముక్క మృగము, ఒక ముక్క భూమి. అది ఏమి చేయగలదో ఆ ముక్కమీదనే రెండు మూడు వాక్యములలో వ్రాసియుండును. ఆటయొక్క సామాన్య నియమమునకు ముక్కమీది వాక్యము విరుద్ధమైనచో ముక్కమీది వాక్యమే చెల్లును. వ్యాకరణము చదివినవారికి ఇది వింత కాదు. ఉత్సర్గమును అపవాదము బాధించుననుట మనకు తెలిసినదే కదా!

ఈ ఆటను మరిగిన పిల్లలు అచ్చులోని ముక్కలతో తృప్తి చెందక, తామే కొత్త ముక్కలను వ్రాయుచున్నారు. కొత్త నియమములను కల్పించుచున్నారు. పెద్దలు దీనిని పనిలేని పని అని కొట్టివేయుదురు. అట్లు కొట్టివేయుటకు ముందు, మన దేశమున చక్రవర్తులును, చిత్రకారులును, ఒక మహారాజును ఇదే పని ఎంత శ్రద్ధతో చేసిరో చూడవలసియున్నది. అందు మన రచయితలకు పనికివచ్చు పాఠ మొకటి కలదని నా తలంపు.

పారశీక దేశమునుండి వచ్చిన గంజీఫా మన దేశపు పాత పేక. బాబరు 1527లో సింధు పాలకుడైన షా హసనునకు ఈ ముక్కలను పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. మొగలాయి గంజీఫాలో ఎనిమిది రంగులు, రంగునకు 12 ముక్కలు, వెరసి 96. ఒక్కొక్క రంగున రాజు, మంత్రి, ఒకటినుండి పదివరకు అంకెలు. అబుల్ ఫజలు తన ‘అయీనె అక్బరీ’లో అక్బరు ఆడిన పండ్రెండు రంగుల పేకను వర్ణించెను. పూర్వులు పండ్రెండు సంఖ్యను గ్రహించిరేగాని, పండ్రెండుగురు రాజులు పండ్రెండు విధములవారై యుండవలెనను సంగతిని మరచిరని అతని ఆక్షేపణ. కనుక ఆ పేకలో అశ్వపతి, గజపతి, నరపతి మొదలుగా రాజులు వేర్వేరు బలములతో కొలువుదీరిరి.

ఈ మూడు పేర్లు వినగనే తెలుగువాడు ఉలికిపడును. మన చరిత్రలో గజపతి ఒడ్రదేశపు ప్రభువు, నరపతి విజయనగరపు రాయడు. అబుల్ ఫజలు గజపతికి ఒడ్రదేశమునే ఉదాహరించెను. కాని కాల్బలముగల నరపతికి ఉదాహరణగా చెప్పినది బిజాపురపు పాలకులను. రాక్షసి తంగడి యుద్ధము 1565లో జరిగెను. ఆ గ్రంథము ఆ శతాబ్ది చివర పుట్టినది. రాయల సింహాసనము కదలిన తరువాత పేకలోని నరపతి కూడ ఇల్లు మారెను. లోకము మారినప్పుడు ముక్కల అర్థము మారుననుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

గంజీఫా రాజాంతఃపురములను దాటి చిత్రకారుల వీధులకు వచ్చినప్పుడు దశావతారముల పేక ఏర్పడినది. పది అవతారములు పది రంగులు, 120 గుండ్రని ముక్కలు. మన నిర్మలలో, మహారాష్ట్రపు సావంతవాడిలో, వంగదేశపు బిష్ణుపురములో, ఒడిశాలో చిత్రకారులు గంజీఫాలను వ్రాసిరి. దశావతారపు పేకను కూర్చినవారు పారశీకపు బొమ్మలను తీసివేసి దేవుళ్లను నిలిపి ఊరకుండలేదు. సగము రంగులలో రాజు, మంత్రుల తరువాత పది పెద్దది. మిగిలిన సగములో ఒకటి పెద్దది. ఈ తలక్రిందుల క్రమము పాత గంజీఫాలోనిదే. దానిని వారు చెడగొట్టక అవతారములకు పంచియిచ్చిరి. దానిపై తమదైన నియమ మొకటి చేర్చిరి: పగటిపూట ఆటను రాముని ముక్క కలవాడు, రాత్రి ఆటను కృష్ణుని ముక్క కలవాడు ప్రారంభింపవలెను. సూర్యవంశపు రాముడు, నడిరేయి పుట్టిన కృష్ణుడు! కథ తెలిసినవానికి ఈ నియమమును రెండవమారు చెప్పనక్కరలేదు. ఇక్కడ పురాణము అలంకారముగా మిగులక నియమమును జ్ఞాపకముంచు సాధనమైనది.

ఇంతకంటె సాహసమైన పని మైసూరులో జరిగినది. ముమ్మడి కృష్ణరాజ ఒడయరు 1794లో జన్మించి, టిప్పు పతనానంతరము 1799లో అయిదేండ్ల బాలుడై గద్దెనెక్కెను. యుక్తవయస్కుడైన పిదప రెండు దశాబ్దములు స్వయముగా పాలించెను. 1831లో ఆంగ్లేయులు పరిపాలనను తమ చేతిలోనికి తీసికొనిరి. తరువాత 1868లో మరణించువరకు ఆయన సింహాసనము గల రాజే కాని శాసనము గల రాజు కాడు. ఈ కాలమున ఆయన ఆస్థానము విద్యలకు, చిత్రకళకు, ఆటలకు నెలవైనది. చదరంగపు గుర్రమును అన్ని గళ్లలో ఒక్కొక్కమారే నడిపించు చమత్కారములను ఆయన కల్పించెను. ఆయన పేర వెలసిన ‘శ్రీతత్త్వనిధి’ తొమ్మిది నిధుల మహాగ్రంథము. అందు కడపటిదైన కౌతుకనిధిలో ఆటల వివరణము కలదు. పేకాటలకు అచట ఛదములని పేరు. సంస్కృతమున ఛదమనగా ఆకు, రెక్క.

చాముండేశ్వరీ ఛదము, జగన్మోహన ఛదము, నవగ్రహ ఛదము, పంచపాండవ ఛదము - ఇట్లు పెక్కు పేకలు ఆ ఆస్థానమున వెలసినవి. సాధారణముగా ఒక రంగున అంకెల ముక్కలు 12, కొలువు ముక్కలు 6, మొత్తము 18. రాజు, మంత్రి చాలక మరి నలుగురు పరివారము వచ్చి చేరిరన్నమాట. కొన్ని ఆటలలో రంగులే 18 వరకు పెరిగినవి. ఒక పేకలో ముక్కలు 360 వరకు చేరినవి. పాత గంజీఫాలో తురుపు లేదు. ఈ ఆటలలో శాశ్వతమైన తురుపులు వచ్చినవి. ఏ ముక్కకు బదులుగానైనను చెల్లు ముక్కలు కూడ వచ్చినవి. చిన్నయసూరి ‘బాలవ్యాకరణము’ 1858లో వెలువడినది. ఆ సూత్రములలోని ‘బహుళము’ ఎట్టిదో మైసూరు పేకలో ఈ ముక్క అట్టిది!

శాసనము చేజారిన రాజు పేకలో శాసనకర్త యయ్యెనని ఎవరికైనను తోచును. ఆ మాట సగము నిజమే కావచ్చును. కాని దానితోనే సరిపెట్టుకొనుట ఆయన శ్రమకు అన్యాయము. రంగులెన్ని యుండవలెను, కొలువులో ఎవరెవరికి చోటీయవలెను, తురుపునకు ఎంత బలమీయవలెనను ప్రశ్నలు దుఃఖోపశమనముతో తీరునవి కావు. అవి కూర్పరి ప్రశ్నలు. నేడు కాగితముపై కొత్త ముక్కను వ్రాసికొను పిల్లవాడును వీనినే వేసికొనును.

అంత శ్రమతో పుట్టిన ఛదములు జనములోనికి రాలేదు. మైసూరు కోట దాటి ఆడినవారు అరుదు. దీనికి కారణములు వెదకుట కష్టము కాదు. ముక్కలు చేతితో వ్రాయవలసినవి. ఒక పేకకు 360 బొమ్మలైనచో పది యిండ్లకు 3,600 బొమ్మలు కావలెను. ఏ చిత్రకారుడు వ్రాయగలడు, ఏ గృహస్థు కొనగలడు? ఇక జ్ఞాపకము మాట. ముగ్గురికి పంచినను ఒక్కొక్కరి చేత 120 ముక్కలు పడును. దశావతారములలో మొత్తము పేకయే అంత. అదే కాలమున అచ్చుయంత్రములు 52 ముక్కల పేకను గుట్టలుగా వెలువరించుచుండెను. మహారాజు పేకలో ప్రతి ముక్కకును దేవత యుండెను, కాని ఆటకు రెండవ యిల్లు లేకపోయెను.

దీనికి సరిగా ఎదురైన ఉదాహరణము, ఈ పుదుచ్చేరిని చిరకాలమేలిన ఫ్రాన్సులో కలదు. అక్కడి పేకలో రాజులకు దావీదు, అలెగ్జాండరు, సీజరు, షార్లమాన్ అని పేర్లుండెడివి. విప్లవము వచ్చినది, 1793లో రాజునకు శిరశ్ఛేదము జరిగినది, ముక్కలమీద మాత్రము రాజుండుట యెట్లు? రాజులకు మారుగా ప్రతిభామూర్తులను, రాణులకు మారుగా స్వేచ్ఛామూర్తులను, బంటులకు మారుగా సమతామూర్తులను అచ్చువేసిరి. కాని ఆట మారలేదు. స్వేచ్ఛ ప్రతిభకు లోబడియే యుండెను, సమత ఆ రెంటికిని లోబడియే యుండెను. ఆటగాండ్రు కొత్త బొమ్మల వెనుక పాత రాజునే చూచిరి. కొద్ది ఏండ్లకే రాజులు మరల ముక్కలపైకి వచ్చిరి.

పారిసులో బొమ్మ మారినది, నియమము మారలేదు. కనుక మార్పు నిలువలేదు. మైసూరులో బొమ్మయు మారినది, నియమమును మారినది. కాని ఆడు చేతులు చాలలేదు. దశావతారపు పేకను కూర్చిన పేరు తెలియని చిత్రకారులు ఈ రెంటి నడుమ దారి పట్టుకొనిరి. జనుల చేతికి అలవాటైన ఆటను తీసికొని, జనుల గుండెకు తెలిసిన కథను అందు నింపి, ఆ రెండును కలియు చోట ఒక్క కొత్త నియమమును నాటిరి.

ఛందస్సు కథ కూడ ఇట్టిదే. డూప్లే దొరకు దుబాసియైన ఆనందరంగ పిళ్ళ (1709-1761) ఈ పట్టణమువాడు. ఆయన తమిళమున వ్రాసిన దినచర్య లోకప్రసిద్ధము. ఆయనకు కస్తూరి రంగకవి అంకితమిచ్చిన తెలుగు లక్షణగ్రంథము ‘ఆనందరంగరాట్ఛందము’. లక్షణగ్రంథ మనగా ఆటనియమముల పుస్తకమే. గణములు ముక్కలు, యతిప్రాసలు పట్టును నిర్ణయించు సూత్రములు. ఆటవెలది నియమము చూడుడు: బేసి పాదములలో మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు, సరిపాదములలో అయిదును సూర్యగణములే. ఒక పూటలో నేర్పవచ్చును, ఒక బ్రతుకంతయు ఆడవచ్చును. వేమన చేత పడిన ఆ పేక నేటికిని చేతులు మారుచునే యున్నది. చక్రబంధము, నాగబంధము మున్నగునవి మహాప్రౌఢములు. వానిని చూచి అబ్బురపడుదుము, కాని మనమును ఒక చేయి వేయుదమని కూర్చుండువారు అరుదు. బంధకవిత్వము మన సాహిత్యపు జగన్మోహన ఛదము.

అయినను కృష్ణరాజ ఒడయరును ఓడిన ఆటగానిగా లెక్కించుటకు నా మనసొప్పదు. ఆయన తన ఆటలను ముక్కలకే వదలక గ్రంథస్థము చేయించెను. శతాబ్దము గడచిన తరువాత రుడాల్ఫ్ ఫాన్ లైడెన్ అను జర్మను పండితుడు భారతదేశమున పేకలను సేకరించి, 1973లో మైసూరు ఛదములపై ఒక గ్రంథమును ప్రకటించెను. ఏనాడో లేచిపోయిన ఆటగాని యెదుట మరియొకడు వచ్చి కూర్చుండుటకు వ్రాతయే చాప పరచినది. అనువాదము చేయువారికి ఈ అనుభవము క్రొత్తది కాదు. ఎదుటివాడు వేసి వెళ్లిన ముక్కకు మన భాషలో ముక్క వెదకుటయే కదా మన పని!

కావున కొత్త ముక్కలను వ్రాయు పిల్లలను నేను పరిహసింపను. వారు బొమ్మతోపాటు నియమమును గూర్చి ఆలోచించుచున్నారు. ఒక్క వాక్యము మారినచో ఆట మొత్తము ఎటు ఒరుగునో తూచుచున్నారు. ఆ తూకము మన పద్యములలోను, కథలలోను అంతగా కనబడదు. కాని వారికిని, కొత్త ప్రక్రియలను సృష్టింపబూనిన మనవారికిని చెప్పదగిన మాట ఒకటి కలదు. ముక్కను వ్రాసినవాడు దానిని ఇంకొకరి చేత పెట్టి, తాను నోరు మెదపక చూడవలెను. ఎదుటివాడు దానితో మనము తలపెట్టనిది చేయగలిగినచో అది బ్రతికినది. మన వివరణము లేనిదే కదలనిచో ఆ ముక్క ఇంకను మనదే, ఆటది కాలేదు.

నేడు నిర్మలలో, సావంతవాడిలో, మైసూరులో గంజీఫాల పేరు వినబడుచున్నది గాని, వానిని కొనువారిలో పెక్కురకు ఆట రాదు. పెట్టెలో పెట్టి బహుమానముగా ఇత్తురు. అద్దము వెనుక నిలుపుదురు. రంగులు చెక్కుచెదరవు. ఆడిన పేక అట్లుండదు. దాని అంచులరిగియుండును, లక్క మాసియుండును, రాముని ముఖమున వ్రేలిముద్ర పడియుండును. చిత్రశాలలో మొదటిది అందముగా కనబడును. కూర్పరి కోరవలసినది రెండవది.