డోర్నకల్‌లో ఒక వారం

డోర్నకల్ అనగానే మనకు తట్టేది రైలు జంక్షనే. కొత్తగూడెం లైను చీలేది అక్కడే కదా! నాకు మాత్రం ఒక వారం గుర్తొస్తుంది.

తిరునల్వేలి వైపు నుంచి అజరయ్య అనే తమిళుడు 1909లో నైజాం ఇలాకాలోని ఆ ఊరికి క్రైస్తవ ప్రచారానికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. బిషప్పులంటే తెల్లదొరలే అయిన రోజుల్లో, 1912లో, మన దేశస్థుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పయ్యారు. అంతకు రెండేళ్ల ముందే ఎడిన్‌బరో మహాసభలో దొరల మొహమ్మీదే చెప్పేశారు: మీ త్యాగాలు సరే, మాకు స్నేహితులు కావాలి అని. దమ్మున్న మనిషి!

కానీ నాకు అంతకన్నా పెద్దపనిగా తోచేది ఆయన ఏటేటా జరిపించిన ‘సాక్ష్య వారం’. ఆ వారం మాట్లాడేది జీతం పుచ్చుకునే పాదిరీలు మాత్రమే కాదు. మాలమాదిగ వాడల్లోని కూలిజనం, అక్షరం రానివాళ్లు, ఆడవాళ్లు కూడా గుంపులు కట్టి పక్క ఊళ్లకు పోయి తమకు తెలిసింది చెప్పేవారు. బాప్తిస్మమైన వాళ్లచేత తమ నెత్తిన తామే చెయ్యి పెట్టించి, చెప్పకపోతే నాకు కీడు అని పలికించేవారట బిషప్పుగారు.

మతమార్పిడి తగాదా వేరే ఉంది. గాంధీగారికీ ఆయనకూ అక్కడే పడలేదు. దాన్నలా ఉంచండి. ఊరి పెద్దల ముందు నోరెత్తడానికి వీల్లేని మనిషి ఆ వారంలో నిలబడి మాట్లాడాడు. కాలక్రమాన, ఆ వాడల్లో వచ్చిన మార్పు చూసి శూద్రకులాల వాళ్లూ కొందరు అదే గుడికి వచ్చారు.