ఐర్లండు సంజయుడు



ధృతరాష్ట్రునకు సంజయుడు కురుక్షేత్ర యుద్ధవార్తలు చెప్పిన సంగతి మీ రెఱిగినదే. ఆ రాజునకు కన్నులు లేవు. ఐర్లండు దేశపు పల్లెలలోని రైతులకు కన్నులున్నవిగాని, రాజధానియగు డబ్లిన్ నగరమునకు పోయి ఆట చూచుటకు తీరికయు, రైలు ఖర్చును అందరికి నుండెడివి కావు. వారికిని ఒక సంజయుడు దొరికెను. ఆతని పేరు మైకేల్ ఓహేర్. ఆతని కథకు ముందు ఆ యాటలనుగూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది.

వారి దేశీయమైన ఆటలలో ముఖ్యములైనవి రెండు: హర్లింగు, గేలిక్ ఫుట్‌బాలు. హర్లింగు మిగుల ప్రాచీనము. ఆష్ అను చెట్టు మొదటి వంపునుండి చెక్కిన కఱ్ఱతో చిన్న తోలుబంతిని నేలపైనను, గాలిలోను కొట్టుచు బోవుదురు. రెండవదానిలో పెద్ద బంతిని కాలితో తన్నుటయే గాక చేతితోను పట్టుకొందురు. ప్రక్కకు పదునైదుగురు. అడ్డకఱ్ఱ క్రిందుగా బంతి పోయినచో గోలు, పైగా పోయినచో సాధారణముగా ఒక పాయింటు. గోలు మూడు పాయింట్లకు సమానము. పరప్రభుత్వపు నీడలో ఈ యాటలు అడుగంటుచుండగా 1884 నవంబరు 1వ తేదీన థర్లెస్ అను పట్టణమున కొందఱు గూడి గేలిక్ క్రీడాసంఘమును స్థాపించిరి. అందు ముఖ్యుడు మైకేల్ క్యూసాక్. ఆయనయు నావలె బడిపంతులే యని చెప్పుకొనుటకు నాకు కొంచెము గర్వముగానే యున్నది.

ఆటగాండ్రకు జీతము లేదు. మన చెడుగుడు పందెములలో ఊరిపేరు నిలుపుటకు పడుచువాండ్రు మోకాళ్లు చీరుకొనునట్లే వారును తమ జిల్లా పేరునకై యాడుదురు. దేశస్వాతంత్ర్యోద్యమమునకును ఈ యాటలకును గల పొత్తు గాఢమైనది. మన వరాహగిరి వేంకటగిరిగారు 1913 మొదలు 1916 వఱకు న్యాయశాస్త్రము చదివిన డబ్లిన్ నగరమందే క్రోక్ పార్కు అను వారి పెద్ద మైదానము గలదు. 1920 నవంబరు 21వ తేదీన అచ్చట ఆట జరుగుచుండగా ఆంగ్లప్రభుత్వపు సాయుధబలగములు కాల్పులు జరుపగా పదునలుగురు చనిపోయిరి. వారిలో టిప్పరేరీ జిల్లా ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. ఆతని పేరే నేటికిని ఆ మైదానమున ఒక ప్రేక్షకశాలకు నిలిచియున్నది.

ఆ మైదానమునుండియే 1926 ఆగస్టు 29వ తేదీన కిల్కెన్నీ, గాల్వే జిల్లాల హర్లింగు ఆటను పాడీ మెహిగన్ అను నాతడు రేడియోలో వర్ణించి చెప్పెను. ఐరోపాఖండమున మైదానపు టాటను జరుగుచుండగానే వినిపించుట ఇదియే మొదలని చెప్పుదురు. పిమ్మట 1938లో పదునెనిమిదేండ్ల విద్యార్థియగు ఓహేర్, తన కొక యవకాశ మిండని రేడియోవారికి తానే జాబు వ్రాసుకొనెను. పరీక్షించిచూచి, ఆ యేడు ఆగస్టులో గాల్వే, మోనహన్ జిల్లాల ఫుట్‌బాలు ఆటను ఆతనికే యప్పగించిరి. పంచాయితీ రేడియో ముందు రచ్చబండపై కూర్చుండి విన్న మీవంటి పెద్దలకు, ఒక్క గొంతుక ఊరినంతటిని ఎట్లు కట్టివేయునో నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక 1947. ఆ యేటి ఫుట్‌బాలు తుదియాటను న్యూయార్కు నగరమున జరిపిరి. ఐర్లండు వెలుపల జరిగిన తుదియాట అది యొక్కటియే. కారణ మేమన, నూఱేండ్లకు ముందు ఆ దేశమున మహాక్షామము సంభవించెను. మనవారు ధాత కరువును చెప్పుకొన్నట్లు వారు దానిని చెప్పుకొందురు. ఉర్లగడ్డ పైరు కుళ్లిపోయి దాదాపు పది లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువ గాని వారు ఓడలెక్కి పోయిరి. వారి సంతతివారు న్యూయార్కున నున్నారు. ఆ చుట్టరికము తలచుకొనియే ఆట నచ్చటికి గొనిపోయిరి.

సెప్టెంబరు 14వ తేదీ. కావన్, కెర్రీ జిల్లాలు. చూడవచ్చినవారు 34,491 మంది. ఇంటికడ రేడియోల ముందు కూర్చున్నవారిదే అసలు ఆతురత. సముద్రపు టావలినుండి మాట వచ్చుటకు తీగను సాయంకాలము అయిదు గంటలవఱకే బాడుగకు దీసికొనియుండిరి. పెద్దమనుష్యుల పరిచయములతో, ఉపన్యాసములతో ఆట ఆలస్యముగా మొదలాయెను. (ఈ చిక్కు మనసభలలోను లేకపోలేదు.) కెర్రీవారు మొదట రెండు గోలులు కొట్టి పైచేయి చేసికొనిరి, కావన్‌వారు తేఱుకొని మీఱిరి. ఇంతలో గడియారము అయిదునకు వచ్చినది, ఆట ముగియలేదు. ఓహేర్ ఆటను చెప్పుచునే నడుమ, దారిలో ఈ మాట వినుచున్న యుద్యోగు లెవరేని యున్నచో ఇంకొక అయిదు నిమిషములు తీగ తెంపవలదని మఱిమఱి వేడుకొనెను. ఎవరికి మ్రొక్కుచున్నాడో ఆతనికే తెలియదు. తీగ తెగలేదు. కావన్ 2 గోలులు 11 పాయింట్లు, కెర్రీ 2 గోలులు 7 పాయింట్లు. నాలుగు పాయింట్ల తేడాతో కావన్ గెలిచినట్లు ఐర్లండంతయు వినెను. ఆ జట్టు నాయకుడు జాన్ జో ఓరైలీ అటుపిమ్మట అయిదేండ్లకే, ముప్పదినాలుగేండ్ల ప్రాయమున గతించెను.

గెలిచినవారి కిచ్చునది పతకము, వెండిపాత్ర. ఆ పాత్ర పేరు సామ్ మెగ్వైర్ కప్పు. 1928లో మొదట నిచ్చిరి. ఆ మెగ్వైర్ లండనులో తపాలా గుమాస్తా, ఆటగాడు, రహస్యవిప్లవకారుడు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప స్వదేశమున దొరికిన యుద్యోగమును బోగొట్టుకొని, 1927లో క్షయరోగముతో బీదవాడై చనిపోయెను. బ్రదికియుండగా నాతని కన్నము పెట్టనివారు చచ్చిన మరునాటియేడు వెండిలో పేరు చెక్కించిరి. నా కిది యెన్నడును రుచింపలేదు. హర్లింగులో మేటియగు కార్క్ జిల్లా క్రిస్టీ రింగు, ఎనిమిది తుదియాటల పతకములు గెలిచియు, చమురు లారీ నడుపుకొని బ్రదికినవాడే. 1971 మొదలు ఏటేట శ్రేష్ఠులైన ఆటగాండ్ర నేర్చి ఆల్‌స్టార్ అను బహుమానముల నిచ్చుచున్నారు. అయినను ముసలివారి నోట రింగు పేరే ముందు వచ్చునట.

ఓహేర్ తొంబదితొమ్మిది తుదియాటలను చెప్పెను. నూఱవది 1985లో రానుండెను. దానికి కొలది దినములముందు పక్షవాతము తగిలి మాట పడిపోయినది. శతకమునకు ఒక పద్యము తక్కువైనట్లయ్యెను. రెండేండ్లకు 1987 తుదియాటనాడు ఆతని కుమారుడు చక్రముల కుర్చీలో తండ్రిని క్రోక్ పార్కు మైదానములోనికి తోసికొనివచ్చెను. ఆ దినమున ఆటగాండ్ర కెవరికిని లేనంత హర్షధ్వానము, జనులు లేచి నిలిచి, ఆతనికి చేసిరి.