పట్వారీ దస్త్రం నుంచి ధరణి దాకా

నేడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా ఉన్న ప్రాంతంలో రైతు సర్కారును చేరుకోవాలంటే తరతరాలుగా దాటవలసి వచ్చిన గడప పట్వారీది. 1853లో నిజాం రాజ్యానికి దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ శిస్తు వసూలును గుత్తేదార్ల చేతుల్లోంచి తప్పించి, జిల్లాలు, తాలూకాలు ఏర్పరచి జీతపు ఉద్యోగులను నియమించినా, ఊరి స్థాయిలో మాత్రం వతను, అంటే తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే కొలువు, చెక్కుచెదరకుండా నిలిచింది. శిస్తు వసూలు మాలీపటేల్ పని, శాంతిభద్రతలు పోలీస్ పటేల్ పని, లెక్కలు, భూమి కాగితాలు పట్వారీ పని కాగా, ముగ్గురిలోకీ అసలు బలం మూడోవాడిదే.

ఆ బలానికి మూలం పహాణీ. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, కాస్తులో ఉన్నవారి పేరు, వేసిన పంట ఏటా నమోదు చేసే రిజిస్టరును పహాణీ అంటారు. పట్టా ఒకరిది, దున్నేది మరొకరు అయినప్పుడు ఆ ఇద్దరి పేర్లనూ పక్కపక్కన చూపేది ఇదొక్కటే కనుక, కౌలుదారుకూ, తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకపు పత్రం, అంటే సాదాబైనామా, మాత్రమే చేతిలో ఉన్నవారికీ కాస్తు కాలమే ఏకైక ఆధారమయ్యేది. ఆ దస్త్రం పట్వారీ ఇంట్లో ఉండేది. పై కచేరీల భాష ఉర్దూ. చదువురాని రైతు తన పొలం గురించి ఏం రాశారో తెలుసుకోవాలన్నా రాసినవారినే అడగవలసి వచ్చేది. అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలోని పాలకుర్తిలో కౌలు భూమి కోసం చిట్యాల ఐలమ్మ చేసిన పోరాటాన్ని విసునూరు దేశ్‌ముఖ్‌తో తగాదాగానే చెప్పుకోవడం పరిపాటి అయినా, ఆ తగాదాలో ఊరి పట్వారీ కూడా ఆమెకు ఎదురుపక్షమే అన్న సంగతిని మరవకూడదు. దొర బలగం ఎంత భయంకరమైనదో పట్వారీ రాత కూడా అంతే భయంకరమైనదని ఈ ప్రాంత ప్రజలు అనుభవంతో ఎరుగుదురు.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినా, 1950లో కౌలుదారీ చట్టం వచ్చినా, 1954-55లో ఖాస్రా పహాణీ అనే సమగ్ర రికార్డు తయారైనా, వాటన్నిటినీ ఊళ్లో అమలు చేసినది పాత పటేల్, పట్వారీలే. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఒక్క ఆర్డినెన్స్‌తో తెలంగాణలోని పటేల్, పట్వారీ పదవులనూ, ఆంధ్రలోని మునసబు, కరణం పదవులనూ రద్దు చేయగా, మరుసటి ఏడు సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. న్యాయమైన ఆ నిర్ణయం దొరతనపు వేళ్లలో ఒకదానిని తెంచింది. అయితే ఏ గట్టు ఎవరిదో, ఏ అమ్మకం ఏ కాగితం మీద జరిగిందో తెలిసినవారు కూడా ఆ పదవులతోపాటే పక్కకు తప్పుకున్నారు. తరువాత వచ్చిన గ్రామ పరిపాలనాధికారి, గ్రామ రెవెన్యూ అధికారి ఆ పనిలో కొంత భాగాన్నే భుజానికెత్తుకున్నారు.

పాత ద్వారాన్ని మూసేస్తే దాని మీద ఆధారపడినవారికి ఎదురయ్యే ఇటువంటి చిక్కు కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ నిర్మాతలకూ తెలుసు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. యంత్రంలోని జ్ఞాపకశక్తినీ, డిస్కునూ ఏ ప్రోగ్రామూ నేరుగా ముట్టుకోదు, సిస్టమ్ కాల్ అనే నిర్ణీత ద్వారాల గుండా కెర్నెల్‌ను అడిగి తీసుకుంటుంది. ద్వారం పాతబడిందని మూసేస్తే దాని మీద ఆధారపడిన ప్రోగ్రాములు ఆగిపోతాయి కనుక, లినక్స్ కెర్నెల్‌లో వాడుకరుల ప్రోగ్రాములను చెడగొట్టకూడదన్నది కఠిన నియమం. సిస్‌సీటీఎల్ అనే పాత సిస్టమ్ కాల్‌కు బదులుగా వేరే మార్గం ముందునుంచే ఉన్నా, దానిని పిలిచినప్పుడల్లా హెచ్చరిక నమోదయ్యే ఏర్పాటు 2008 నాటి 2.6.24 రూపంలో మొదలై, పన్నెండేళ్ల తరువాత 2020 నాటి 5.5 రూపంలో గానీ ఆ కాల్ తొలగలేదు. ఎవరు ఇంకా ఆ దారిన నడుస్తున్నారో తెలుసుకోవడానికే ఆ ఓపిక.

అదే 2020లో, సెప్టెంబర్ 7న, అటువంటి ఓపికేమీ చూపకుండా, తెలంగాణలోని గ్రామ రెవెన్యూ అధికారులందరినీ మధ్యాహ్నం మూడు గంటలలోగా రికార్డులు అప్పగించమన్నారు. ఆ నెలలోనే పదవుల రద్దు చట్టమూ, కొత్త హక్కుల రికార్డు చట్టమూ వచ్చాయి. అక్టోబర్ 29న భూమి రికార్డుల ఆన్‌లైన్ వేదిక అయిన ధరణి పోర్టల్ మొదలైంది. రిజిస్ట్రేషన్, పేరు మార్పిడి ఒకే రోజున తహసీల్దారు ఎదుట ముగియడం నిజంగా మేలే. కానీ కొత్త రికార్డులో అనుభవదారు, అంటే కాస్తు, కాలమ్‌కు చోటు దక్కలేదు, సాదాబైనామాలను క్రమబద్ధీకరించేందుకు 1971 చట్టంలో ఉన్న వీలు కొత్త చట్టంలో లేకపోయింది, 2017 నాటి రికార్డుల ప్రక్షాళనలో వివాదాస్పదమని బి భాగంలో వేసిన భూములు అలాగే మిగిలాయి. పాత పహాణీలో అన్యాయానికి పనిముట్టయిన అదే కాలమ్ పేద సాగుదారుకు రక్షణ కూడా అన్న నిజాన్ని చట్టకర్తలు తగినంతగా తూచలేదనే చెప్పాలి.

మహబూబాబాద్ జిల్లాలోని గూడూరు, బయ్యారం వంటి ఏజెన్సీ మండలాల్లోనూ, భూపాలపల్లి అడవి అంచు పల్లెల్లోనూ పరిస్థితి మరో తీరుది. అడవిని నరికి సాగుచేసుకునే పోడు భూమి రెవెన్యూ పహాణీకి వెలుపలిది కనుక, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభనే మొదటి మెట్టుగా చేసి, బావులనూ, శ్మశానాలనూ, ఊరి పెద్దల వాంగ్మూలాన్నీ సాక్ష్యంగా అంగీకరించింది. రాతకు ఎక్కని సాగును గుర్తించడానికి చట్టం కనిపెట్టిన మార్గాలలో ఇంతటి ఉదారమైనది అరుదు.

ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. 2020లో దాఖలై ఆగిపోయిన సాదాబైనామా దరఖాస్తుల పరిష్కారానికీ, అధికారుల నిర్ణయాలపై అప్పీలుకూ అది వీలు కల్పించింది. అదే ఏడు సెప్టెంబరులో గ్రామ పాలనాధికారి అనే కొత్త పేరుతో ఊరికి మళ్లీ ఒక రెవెన్యూ ఉద్యోగిని పంపారు. అంతకు మూడేళ్ల ముందు లాటరీ తీసి ఇతర శాఖలకు పంచిన పాత గ్రామ రెవెన్యూ అధికారులలో పలువురు ఆ నియామకాలతో తిరిగి ఊరి భూముల పనికి వచ్చారు.