పూటకూటి యింటినుండి కాఫీ హోటలు వరకు

పరదేశములకు పోయి వచ్చినవారు మనతో మొదట ముచ్చటించునది అక్కడి కోటలను గూర్చి కాదు, అక్కడ తినిన తిండిని గూర్చి. పారిస్ నగరమున నేదో సందులో కనుగొనిన భోజనశాలను, వియన్నా శివారున ద్రాక్షతోటల నడుమ కొత్త ద్రాక్షమద్యము పోయు నంగడిని వారు కన్నులు మూసికొని వర్ణింతురు. ఆ ముచ్చట వినుట కింపుగనే యుండును. కాని వినునప్పుడెల్ల మాకొక ప్రశ్న తోచును. ఇంటి వెలుపల, వెల యిచ్చి, ముక్కు మొగ మెఱుగనివారి సరసన కూర్చుండి తినుట యను నాచారము మన సీమలో నెట్లు పుట్టినది? ఎవరికి చోటిచ్చినది? ఎవరిని గడప కవతల నిలిపినది? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణముల వైపు చూచుచు ఈ విషయమును కొంచెము విచారింతము.

ఐరోపాలో సైతము ఇప్పటి భోజనశాల మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 'రెస్టారెంట్' అను మాటకు మొదట బలము చేకూర్చు పులుసునీరని యర్థము. 18వ శతాబ్ది యుత్తరార్ధమున పారిస్‌లో నట్టి పులుసు నమ్మిన యంగళ్లకే తరువాత నా పేరు నిలిచినది. అంతకుముందు సత్రపు యజమాని పెట్టిన వేళకు, పెట్టినది, అందఱితోపాటు ఒకే బల్లకడ తినవలసియుండెను. కొత్త యంగడిలో ఎవరి బల్ల వారిది, ఎవరి వేళ వారిది. వెల ముందే వ్రాసియుండును. ఆస్ట్రియాలో రెండవ జోసెఫ్ చక్రవర్తి 1784లో ద్రాక్షరైతులు తమ మద్యమును తమ యింటనే అమ్ముకొనవచ్చునని శాసించెను. వీని యన్నిటి వెనుక నున్న సూత్ర మొక్కటియే: వెల యిచ్చినవాడే యతిథి. ఆ సూత్రము అక్కడి స్త్రీలకును, పేదలకును వెంటనే అందలేదనుట గూడ చరిత్రయే. లండను కాఫీశాలలు 17వ శతాబ్దినుండియు పురుషుల కొలువుకూటములుగనే యుండెను.

మన పూటకూటి యిల్లు వీనికంటె పాతది. కాకతీయుల ఓరుగంటిని వర్ణించిన క్రీడాభిరామములో మంచనశర్మయు, టిట్టిభసెట్టియు నగరము చూచుచు తిరుగుచుందురు. అందు ఒక రూకకు దొరకు పూటకూటి భోజనపు వర్ణన కలదు: సన్నబియ్యపు టన్నము, గోధుమపిండి వంట, నేయి, కూరలు, పండ్లు, పెరుగు. ఆ గ్రంథకర్తగా చెప్పబడు వినుకొండ వల్లభరాయుని వంశము మోపూరి భైరవుని కొలిచినది; ఆ మోపూరు పులివెందుల సీమలోనిదే. కావున వెల యిచ్చి తినిన విందును గూర్చి ముచ్చటగా చెప్పుట మనకు పరదేశమునుండి వచ్చిన విద్య కాదు. అయినను ఆ రూక యెవరి చేతిలో నున్నను తలుపు తెఱచియుండెనా? తినినవాడు బ్రాహ్మణుడు, వండినది బ్రాహ్మణుని యిల్లు. రూకకు రుచి దొరకినది. కాని పంక్తిలో చోటు రూకతో కొనదగిన వస్తువు కాలేదు.

పూటకూటి యిండ్లలో మఱవరాని విషయ మింకొకటి కలదు. వానిని పెక్కుచోట్ల నడిపినది స్త్రీలు, అందును వితంతువులు. 1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. కాని వివాహము కోరనివారికి, దొరకనివారికి బ్రదుకుతెరు వేది? తన చేతివంటను నమ్ముకొని పదిమందికి కూడు పెట్టుట వారికి మిగిలిన కొలదిదారులలో నొకటి. లోకము ఆమె యన్నము తినుచునే ఆమెను గూర్చి గుసగుసలాడెను. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మను చూచి నవ్వుకొనువారము, గిరీశము తినినది ఆమె కష్టార్జితమే యని తలచుకొనము.

రైలు వచ్చిన తరువాత ప్రయాణికుల సంఖ్య పెరిగెను. మదరాసునుండి రాయచూరునకు పోవు దారి 1871 నాటికి పూర్తియయ్యెను. ప్రొద్దుటూరునకు ఎఱ్ఱగుంట్లలోను, జమ్మలమడుగునకును పులివెందులకును ముద్దనూరులోను దిగి బండి కట్టించుకొనుట ఆచారమయ్యెను. 1863 మొదలు 1870 వరకు త్రవ్విన కర్నూలు కడప కాలువ ప్రొద్దుటూరు ప్రాంతమునకు వరిని చేరువ చేసెను. ప్రత్తి బేరమునకు, కోర్టు వ్యాజ్యమునకు, జమ్మలమడుగు మిషను ఆసుపత్రికి వచ్చువారికి కూడు కావలసెను. పూటకూటమ్మ యిల్లు క్రమముగా హోటలయ్యెను. వంట మగవారి చేతికి పోయెను. జొన్నరొట్టెయు, రాగిసంగటియు తిని పెరిగిన సీమలో హోటలు విస్తరిపై వరియన్నమే గౌరవమయ్యెను. బ్రాహ్మణులకు వేఱు గది, ఇతరులకు వేఱు గది. మాలమాదిగలకు వాకిలి వెలుపల వేఱు గ్లాసు. కాఫీ కొత్తది, కట్టుబాటు పాతది.

ఇదే కాలమున ఇంకొక యంగడి వర్ధిల్లెను. అది కల్లు, సారాయి దుకాణము. 1886 నాటి మదరాసు ఆబ్కారీ చట్టముతో అది సర్కారునకు గొప్ప రాబడి మార్గమై, పాటలు పాడి అంగళ్ల నిచ్చుట స్థిరపడెను. ఆ దుకాణపు పెట్టె యెవరి కాసునైనను కాదనలేదు. హోటలు లోనికి రానీయని కూలివాని దినవెచ్చము నది మాత్ర మాదరముతో పుచ్చుకొనెను. మన చరిత్రలోని వింత ఇది: ఇల్లు గుల్లచేయు తలుపు బీదవానికి తెఱచియుండెను, అలసట తీర్చు తలుపు మూసియుండెను.

1937 అక్టోబరు 1న రాజగోపాలాచారిగారి ప్రభుత్వము సేలం మండలమున మద్యనిషేధ మారంభించెను. సరిగా సంవత్సరమునకు, 1938 అక్టోబరు 1న, కడప చిత్తూరు మండలములకు దానిని విస్తరించెను. దేశములో ఈ ప్రయోగమును ముందుగా చవిచూచిన కొలది మండలములలో మనది యొకటి. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను పుట్టెను. యుద్ధకాలమున నిషేధము సడలి, 1946 తరువాత మరల నమలయి, 1948లో రాజధాని యంతటికి వ్యాపించెను. దీనివలన ఇల్లాండ్రకు కలిగిన నెమ్మదిని ఎవరును కాదనలేరు. గీతపనివారి కత్తి మూలబడుటయు, దొంగబట్టీలు పుట్టుటయు కాదనరానివే. తరువాతి కథయు నట్టిదే. 1992లో నెల్లూరు మండలపు దూబగుంట స్త్రీలు లేచిరి. 1993 అక్టోబరులో సారాయి నిషిద్ధమయ్యెను. 1995లో సంపూర్ణనిషేధము వచ్చి 1997లో తొలగెను. 2019లో మద్యపుటంగళ్లు సర్కారు చేతికి వచ్చెను, 2024లో మరల ప్రైవేటువారి చేతికి పోయెను. అంగడి చేతులు మాఱినవి, అలవాటు మాఱలేదు. మాన్పించుటకు శాసన మొకటే చాలదు. సాయంకాలము కూలివాడు గౌరవముగా కూర్చుండుటకు మంచిచోటు గూడ కావలెను. ఆ చోటును కులము పేర మూసినవారము మనమే.

1950లో రాజ్యాంగము తన 15వ అధికరణమున హోటళ్లలోను భోజనశాలలలోను ప్రవేశమును కులము పేర ఎవరికిని నిరాకరింపరాదని చాటెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము దానికి శిక్షను జతపఱచెను. మారుమూల పల్లెలలో రెండు గ్లాసుల పద్ధతి తరువాత చాలకాలము నిలిచిన మాట నిజమే. అయినను నేడు ప్రొద్దుటూరిలో ఎఱ్ఱకారము దోసెకును, ఉగ్గానికిని కూర్చున్నవాడు ప్రక్కవాని కుల మడుగడు. ఒకప్పుడు విస్తరిపై చోటు లేని రాగిసంగటిని నేడు హైదరాబాదు భోజనశాలలు పేరుపెట్టి వడ్డించుచున్నవి. బీదవాని ముద్దకు గౌరవము వచ్చినందుకు సంతోషింపవలసినదే. ఆ ముద్ద కలిపిన చేతికి గూడ నంత గౌరవము రావలెను.

కావున మరపురాని భోజనశాల యేదని మమ్ము నడిగినచో, రుచినిబట్టి కాక, లోపల కూర్చున్నవారినిబట్టి చెప్పుదుము. ఏ బల్లకడ కూలివాడును వకీలును, ఒంటరిగా వచ్చిన యుపాధ్యాయినియు సంకోచము లేక కూర్చుందురో అదియే మంచి భోజనశాల. శాసనము హోటలు గడపవఱకు వచ్చినది; మన యింటి వంటగది గడప దాటదు. హోటలులో ఎవరి యెంగిలి కడిగిన గ్లాసో అడుగక త్రాగివచ్చు మనము, ఇంటిలో పనిమనిషి గ్లాసును గూటిలో వేఱుగ నుంచుటలేదా? సోదరీమణులారా, ఆ గూటిని నేడే యొకసారి చూడుడు. ఆ గ్లాసు తక్కిన గ్లాసులలో కలియుటకు ఏ చట్టమును అక్కఱలేదు.